నీడా? పువ్వా?

మా ఇంటికి పడమటి ఎండ ఎక్కువ. మధ్యాహ్నానికల్లా గోడ కాగిపోతుంది. అందుకని ఆ వైపు కానుగ నాటదామన్నాను. "ఆ నీడ వచ్చేసరికి నేనుంటానో లేదో! మందారం పెట్టు, ఏడాది తిరక్కుండా పూజకు పూలొస్తాయి" అంది అమ్మ. ఆ మాట తోసెయ్యలేక రెండింటినీ పోల్చి చూశాను.

కానుగ మన నేల చెట్టు. దాని వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. నాటుకున్నాక నీళ్లు పెద్దగా అడగదు. వేసవి ముందు ఆకు రాల్చినా, త్వరగానే చిగురించి గొడుగు పడుతుంది. అయితే గోడకు 15 అడుగుల దూరమైనా ఉండాలి, నీడకు కొన్నేళ్లు ఆగాలి.

మందారం కొమ్మ గుచ్చినా బతుకుతుంది. కొత్త చిగుళ్లకే పూస్తుంది కాబట్టి అప్పుడప్పుడు కత్తిరించాలి. పిండినల్లి పడితే వేపనూనె కలిపిన సబ్బునీళ్లు చల్లాలి. ఎండ తగలకపోతే సరిగా పూయదు. కాబట్టి కానుగ కింద పెట్టకూడదు.

ఒకటి దీర్ఘకాలిక డిపాజిట్, రెండోది సేవింగ్స్ ఖాతా. ఇంటికి రెండూ కావాలి. పడమట కానుగ, తూర్పున మందారం నాటాం. అంతలో నాకు బదిలీ అయింది. ఇప్పుడు రోజూ కానుగకు నీళ్లు పోస్తున్నది అమ్మే.