సంఘం షాట్ నేర్పే వృత్తి

సామాజిక, పర్యావరణ న్యాయం కోసం డాక్యుమెంటరీలు తీయదలచిన విద్యార్థి, అంటే కల్పనకు తావివ్వకుండా జరుగుతున్న వాస్తవాన్ని దాన్ని అనుభవిస్తున్న మనుషుల మధ్యనే చిత్రీకరించదలచిన విద్యార్థి, కెమెరా కొనకముందే ఆ కెమెరాను ఎవరి పక్కన నిలబెట్టాలో తేల్చుకోవాలి. మిగిలిన సాంకేతిక విద్య అంతా ఈ నిర్ణయం వెనుక నడిచేదే.

జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఈ పాఠాన్ని అందరికంటే స్పష్టంగా చెప్పారు. చాలామందికి బడి ముఖం తెలియని ఈ దళిత రైతుకూలీ స్త్రీలు వీడియో చిత్రీకరణ నేర్చుకుంటూ, షాట్లకు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూపేది దొర చూపు కాబట్టి దాన్ని పటేల్ షాట్ అన్నారు. కింద నిలబడి పైకి చూసేదాన్ని పాలేరు చూపుగా గుర్తించారు. కంటికి కన్ను సమానంగా ఉండేదాన్ని, తమ మహిళా సంఘంలో అందరూ సమానమే కనుక, సంఘం షాట్ అన్నారు. దేశంలో 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి లభించాక వరంగల్ ప్రాంత రైతుల చేలకు వెళ్లి వాళ్ల నష్టాన్ని వాళ్ల నోటితోనే చెప్పించినవారు ఈ మహిళలే. ఏ ఫిల్మ్ స్కూలు పాఠ్యప్రణాళికలోనైనా మొదటి అధ్యాయంగా ఉండదగినది ఈ సంఘం షాట్.

ఇలాంటి చిత్రాలు చట్టాన్ని కూడా కదిలించగలవు. గుజరాత్ తీరంలో తిమింగల సొరల వేటను మైక్ పాండే ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అనే డాక్యుమెంటరీలో చిత్రీకరించిన తర్వాత, 2001లో ఆ చేపకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ లభించింది. ఛాయాచిత్రం బలం వేరు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత మట్టిలో సగం పూడిన పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్ తీసిన ఫొటో ఆ విషాదానికి చిరునామా అయింది. అయితే ఆ బిడ్డ పేరు లోకానికి తెలియదు కనుక, చిత్రంలో ఉన్నవారి సమ్మతి అన్న ప్రశ్న ఈ వృత్తిలో ఎంత బరువైనదో ఆ ఫొటోనే గుర్తుచేస్తుంది. సమ్మతి అంటే తల ఊపించుకోవడం మాత్రమే కాదు. ఆ దృశ్యం ఎక్కడ, ఎవరికి చూపబడుతుందో, దానివల్ల ఊళ్లో ఏ ఇబ్బంది రాగలదో వివరించి, కాదనే హక్కు ఇచ్చిన తర్వాత పొందే అంగీకారం.

శిక్షణకు పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ, ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియాలోని మాస్ కమ్యూనికేషన్ పరిశోధన కేంద్రం పేరున్నవి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఫొటోగ్రఫీలో డిగ్రీ నడుపుతోంది. పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా వంటి వేదికలు గ్రామీణ జీవితంపై ఫొటో కథనాలను తెలుగులోనూ ప్రచురించినందున, చదువుకుంటూనే వాటిని పరిశీలించడం మేలు.

ఆదాయం విషయంలో భ్రమ పెట్టుకోకూడదు. డాక్యుమెంటరీ ఒక్కదానితోనే ఇల్లు గడవడం అరుదు. ఎక్కువమంది ఎడిటింగ్, బోధన, స్వచ్ఛంద సంస్థలకు చిత్రాలు తీయడం వంటి పనులతో నెట్టుకొస్తూ తమ సొంత చిత్రానికి ఏళ్ల తరబడి సమయం కూడబెట్టుకుంటారు. పిచింగ్, అంటే తీయబోయే చిత్రాన్ని నిధులిచ్చేవారి ముందు కొద్ది నిమిషాల్లో వివరించి ఒప్పించే విద్య, కెమెరా విద్యతో సమానంగా నేర్చుకోవలసిందే. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం, ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ నివేదికలు చదవడం కూడా ఈ వృత్తిలో రోజువారీ పనిముట్లే.

సాధన ఎక్కడ మొదలుపెట్టాలన్న సందేహం ఉన్న విద్యార్థికి దారి దగ్గరలోనే ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పలు పెద్ద గనులు, పరిశ్రమలకు అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. సభ మొత్తాన్ని వీడియో తీయించాలి. ఆ అధికారిక వీడియోలో పట్టుబడనిది, సభకు ముందూ తర్వాతా ఊరి రచ్చబండ దగ్గర జరిగే మాట. జిల్లా పేజీలో అలాంటి ప్రకటన కనిపించిన రోజే బయలుదేరండి. చేతిలోని ఫోన్ చాలు, దాన్ని మాట్లాడే మనిషి కంటి ఎత్తులో పట్టుకోండి.