పాత జీపు కమాను కట్టల పరీక్ష

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడి చెట్లు కూలి దారులు మూసికొనిపోయినవి. అట్టి వేళ గతుకులకు, ఇసుకకు ఓర్చునది జీపు. డయాలిసిస్ రోగిని పలాస చేర్చవలసినప్పుడు అది దారిలో నిలిచిపోరాదు. కావున గ్రామములోని పాత జీపులను తుఫానుల కాలమునకు ముందే పరీక్ష చేయించునట్లు పంచాయతీ సభ్యులు యజమానులకు చెప్పవలెను.

జీపు బరువును మోయునవి ఉక్కు కమాను కట్టలు. సముద్రపు ఉప్పుగాలికి పట్టీల నడుమ తుప్పు చేరి, అవి బలహీనపడి విరుగును.

పరీక్షాక్రమము:

1. ఖాళీ బండిని సమతలమున నిలిపి, ఇరుసునుండి చాసిస్ వరకు గల ఎత్తును రెండు ప్రక్కల కొలువవలెను. తక్కువగా నున్న ప్రక్క పట్టీ విరిగినదేమో చూడవలెను.

2. బండి ఒక ప్రక్కకు లాగినచో సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగి యుండవచ్చును. అట్టి బండిని నడుపరాదు.

3. గతుకులలో టకటక శబ్దము వచ్చినచో బుష్షులను, యు బోల్టులను పరీక్షింపవలెను.

4. మూలను అదిమి వదలినపుడు బండి పలుమార్లు ఊగినచో షాక్ అబ్జార్బరు చెడినదని తలపవలెను.

కొన్ని బండ్లలో కమానులకు బదులు గాలితిత్తులుండును. నిలిపిన బండి తెల్లవారుసరికి క్రుంగినచో గొట్టముల అతుకులకు, తిత్తులకు సబ్బునీరు పూయవలెను. బుడగలు లేచిన చోట గాలి కారుచున్నదన్నమాట.

విరిగిన పట్టీని వెల్డింగు చేయింపక మార్పింపవలెను. వేడికి ఉక్కు బిగువు పోవును. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదు. తీరమునకు పోయివచ్చిన ప్రతిసారి అడుగుభాగమును మంచినీటితో కడిగించుట మేలు.