గేరు పెట్టెలో ఎర్ర నూనె

ఎడమ కాలితో క్లచ్చి తొక్కి, చేత్తో గేరు మార్చడం మీరు బస్సులో చూసే ఉంటారు. కొన్ని కార్లలో ఆ క్లచ్చి పెడలే ఉండదు. గేర్లు వాటంతట అవే మారతాయి. ఇలాంటి కార్లు మన కరువు సీమలోనే తయారవుతున్నాయి. ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న పెనుకొండ దగ్గర, ఎర్రమంచి వద్ద, 2019లో కియా కార్ల కర్మాగారంలో ఉత్పత్తి మొదలైంది. అప్పుడది అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

మరి క్లచ్చి తొక్కకుండా గేరు ఎలా మారుతుంది? ఆ పని చేసేది ఒక నూనె!

రెండు ఫ్యాన్ల ప్రయోగం

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా, దగ్గరగా పెట్టండి. ఒకదాన్నే కరెంటుకు తగిలించి తిప్పండి. కాసేపటికి రెండోది కూడా మెల్లగా తిరగడం మొదలెడుతుంది. రెంటినీ కలిపే ఇరుసు లేదు, పట్టీ లేదు. గాలే శక్తిని మోసుకుపోయింది. గాలికి బదులు చిక్కని నూనె పెడితే? ఇంకా ఎక్కువ శక్తి అందుతుంది. ఈ ఊహతోనే 1905లో జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం ఒక యంత్రానికి పేటెంటు పొందాడు. 1939లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో, నూనెతో నడిచే ఆటోమేటిక్ గేరు పెట్టె అమ్మకానికి వచ్చింది.

నేటి గేరు పెట్టెలో ఈ నూనె నాలుగు పనులు చేస్తుంది. ఇంజను శక్తిని అందిస్తుంది. ఒత్తిడితో లోపలి క్లచ్చి బిళ్ళలను బిగించి గేరు మారుస్తుంది. పళ్ళచక్రాలు అరగకుండా కాపాడుతుంది. వేడిని బయటికి మోస్తుంది.

నూనె ఎందుకు పాడవుతుంది?

వంట నూనెను మళ్ళీ మళ్ళీ కాస్తే నల్లబడి కంపు కొట్టదూ? ఇదీ అంతే. వేడిలో నూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి చెడిపోతుంది. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఎండలో, బరువుతో ఘాటు ఎక్కే కారు సంగతి మీరే ఊహించండి. కొత్త నూనెకు తరచు ఎర్ర రంగు కలుపుతారు. అది గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే, లోపల ఏదో తేడా ఉన్నట్టే.

ఇంట్లో మార్చడం ఎలా?

ఇది పెద్దల పని. మీరు దూరంగా నిలబడి లెక్క రాయండి. కారు చదునైన నేల మీద ఉండాలి. ఒక్క జాకీని నమ్మి దాని కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి స్టాండ్లు తప్పనిసరి. నూనె గోరువెచ్చగా ఉండాలి. మరిగేంత వేడిగా ఉంటే చేతులు కాలతాయి. పైన నూనె పోసే బిరడా ఊడుతుందని చూసుకున్నాకే, కింది బిరడా విప్పాలి. లేకపోతే ఉన్నది పోయి, కొత్తది పోయలేని చిక్కు వస్తుంది!

కారిన నూనెను కొలవాలి. అదే కొలతలో కొత్తది గరాటుతో పోయాలి. మన ఎర్రమట్టి దుమ్ము ఒక్క చిటికెడు కూడా లోపలికి పోరాదు. తర్వాత ఇంజను నడిపి, బ్రేకు తొక్కి పట్టి, గేరు కర్రను ఒక్కో స్థానంలో కాసేపు ఉంచాలి. చివరికి కారు పుస్తకంలో చెప్పిన వేడి దగ్గర నూనె మట్టం చూడాలి.

ఏ నూనె అయినా సరిపోదు. 2019 నాటి సెల్టోస్‌లోనే మూడు రకాల ఆటోమేటిక్ గేరు పెట్టెలు వచ్చాయి. దేని నూనె దానిదే. ఒకదానిది మరొకదానిలో పోస్తే పెట్టె పాడవుతుంది.

ఒక లెక్క

కింది బిరడా విప్పితే నూనె అంతా రాదు. కొంత లోపలే నిలిచిపోతుంది. మొత్తం 7 లీటర్లలో 3 లీటర్లే వచ్చిందనుకుందాం. కొత్తది 3 లీటర్లు పోస్తే, పాతది ఏడింట నాలుగు వంతులు, అంటే నూటికి 57 పాళ్ళు మిగిలింది. కొంత దూరం నడిపి మళ్ళీ మారిస్తే? నూటికి 33 పాళ్ళు. మూడోసారికి 19. సున్నా ఎప్పుడవుతుంది? మీరే వేసి చూడండి!

పాత నూనె ఏం చేయాలి?

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. కిందంతా గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలోని నీరే మన బోరుబావులకు ఆధారం. పాత నూనెను గట్టు పక్కన పారబోస్తే మట్టిలోకి ఇంకుతుంది, వానకు కొట్టుకుపోతుంది. ఒకసారి పగుళ్ళలోకి దిగితే దాన్ని తోడి తీయడం ఎవరి తరమూ కాదు. మన దేశపు 2016 నిబంధనలు కూడా వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగానే లెక్కగట్టాయి. అందుకే దాన్ని మూతగల డబ్బాలో పోసి, పాత నూనె సేకరించి శుద్ధికి పంపే షెడ్డుకు ఇవ్వాలి. ఒలికిన చోట రంపపు పొట్టు చల్లి ఊడ్చి, అదీ వేరుగా కట్టాలి.

మీ ఇంట్లో కారు లేదా? ట్రాక్టరు గానీ, మోటారు సైకిలు గానీ ఉందేమో! వాటి నూనె మార్చినప్పుడు పాతది ఎక్కడికి పోతోందో ఈసారి మీరే అడగండి.