ఉత్తరాల తీగ

నెల్లూరు,
కార్తీక సోమవారం

చిరంజీవి అమ్మడికి,

నువ్వు పంపిన థీసిస్ అధ్యాయం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ముప్పయ్యేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పిన చెయ్యి, ఊరుకోమన్నా ఊరుకోదు. భాష బాగుంది. పండిత రమాబాయి మీద నీకున్న గౌరవం ప్రతి పేజీలోనూ కనపడుతోంది. నా ఫిర్యాదల్లా దాని మీదే. పదహారో పేజీకి వచ్చేసరికి ఆవిడ మనిషి కాకుండా పోయింది, పటం అయిపోయింది. దండ వేయడం ఒక్కటే తక్కువ.

నువ్వు రాసిందాంట్లో తప్పులు లేవు. 1858లో పశ్చిమ కనుమల్లో గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే ఊరివాళ్ల మాట లక్ష్యపెట్టకుండా భార్యకు సంస్కృతం నేర్పాడు, ఆ తల్లి కూతురికి నేర్పింది. 1878లో అన్నతో కలకత్తా చేరి పండితుల్ని ఆశ్చర్యపరిచి ‘పండిత’, ‘సరస్వతి’ అని బిరుదులు పొందింది. వేరే కులం బెంగాలీ వకీలును పెళ్లాడింది, రెండేళ్లు తిరక్కుండానే 1882లో కలరా ఆయన్ని తీసుకుపోయింది. ఒళ్లో పసిపిల్ల. అదే ఏడు పుణెలో ఆర్య మహిళా సమాజం పెట్టింది, చదువుల మీద ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ముందు నిలబడి ఆడపిల్లలకు ఆడ టీచర్లు కావాలి, ఆడ డాక్టర్లు కావాలి అంది. ఇవన్నీ ఉన్నాయి నీ అధ్యాయంలో. కానీ ఇవన్నీ ఎవరైనా రాయగలరు. పుణెలో కూర్చుని, ఆ కాగితాలు అందుబాటులో పెట్టుకుని, నువ్వు కూడా అవే రాస్తే ఎట్లా?

నీ అధ్యాయం అడుగున ఇచ్చిన సూచికలు లెక్కపెట్టాను. ఆవిడ అచ్చు వేయించుకున్న పుస్తకాల నుంచి తీసుకున్నవి డజన్లకొద్దీ ఉన్నాయి. ఉత్తరాల నుంచి రెండే రెండు. ఆ రెండూ కూడా నీ వాదానికి సరిపోయే వాక్యాలే.

ఆ ఉత్తరాలు మనదాకా ఎట్లా వచ్చాయో ఎప్పుడన్నా ఆలోచించావా? 1883లో రమాబాయి ఇంగ్లండ్‌లో వాంటేజ్ అనే ఊళ్లో సెయింట్ మేరీ సన్యాసినుల ఆశ్రమానికి వెళ్లింది. డాక్టరీ చదవాలని ఆశ. చెవులు సరిగా వినపడక ఆ ఆశ అక్కడే ఆగిపోయింది. ఆ సెప్టెంబరులో కూతురితో సహా బాప్తిస్మం తీసుకుంది. ఆశ్రమంలో ఆవిడ బాగోగులు చూసింది సిస్టర్ జెరాల్డీన్. తల్లీకూతుళ్లు ఆవిడ్ని ‘ఆజీబాయి’ అనేవాళ్లు, అంటే మరాఠీలో అమ్మమ్మో నాయనమ్మో. ఆ ఆజీబాయికీ రమాబాయికీ జరిగినన్ని గొడవలు ఆ కాలంలో ఇంకే ఇద్దరు చదువుకున్న ఆడవాళ్ల మధ్యా కాగితం మీద నడిచి ఉండవనుకుంటాను. ఆ గొడవల్ని దాచి, వరసలో పెట్టి, మధ్య మధ్య తన వ్యాఖ్యలు చేర్చి కూర్చింది ఎవరనుకున్నావు? జెరాల్డీనే. 1977లో, అంటే రమాబాయి పోయిన 55 ఏళ్లకు, ఎ.బి. షా సంపాదకత్వంలో మహారాష్ట్ర ప్రభుత్వ సాహిత్య సంస్కృతి మండలి వాటిని పుస్తకంగా వేసింది.

ఇక్కడ కాసేపు ఆగు. ఒక మనిషి కాగితాల్ని ఆ మనిషితో ఏకీభవించని మనిషి దాచిపెట్టింది. ప్రేమ ఉంది, బాధ ఉంది, ‘నేను చెప్పింది వినలేదు’ అన్న పెద్దరికం కూడా ఉంది. భక్తులు దాచి ఉంటే సగం ఉత్తరాలు పొయ్యిలోకి పోయేవి, ‘మన అమ్మగారు ఇట్లా మాట్లాడారని నలుగురికీ తెలిస్తే బాగుండదు’ అని. జెరాల్డీన్ దాచింది కాబట్టి రమాబాయి ఎదురు మాట్లాడిన ఉత్తరాలూ మిగిలాయి. అందుకని ఆ పుస్తకంలో ప్రతి పేజీనీ రెండు చేతులు రాసినట్టు చదవాలి, ఒకటి రాసిన చెయ్యి, ఇంకోటి పేర్చిన చెయ్యి. ఏ ఉత్తరం పక్కన ఏ ఉత్తరం పెట్టింది, ఎక్కడ తన మాట కలిపింది, ఎక్కడ సమర్థించుకుంది, అవన్నీ నీ నోట్సులోకి రావాలి. జెరాల్డీన్‌ను దుష్టపాత్ర చేసేయకు, నీ రాతలో ఆ వాసన తగిలింది. ఆవిడ లేకపోతే నీ థీసిస్‌కు ముడిసరుకే లేదు.

ఆ ఉత్తరాల్లో ఏముంటాయో తెలుసా? కోడిగుడ్డు వేసిన పుడ్డింగు. నువ్వు నవ్వుతావు. మతం మార్చుకున్నాక కూడా రమాబాయి మాంసం ముట్టలేదు, గుడ్డు వేసిన పుడ్డింగు తినలేదు. జెరాల్డీన్‌కు అందులో ఇంకా వదలని కులం కనపడింది, గర్వం కనపడింది. రమాబాయి తప్పించుకోలేదు. మా పెద్దవాళ్ల అలవాట్లలో ఎవరికీ హాని చేయనివాటిని నేనెందుకు వదలాలి అన్నట్టు జవాబు రాసింది. ఇంకోసారి మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ అక్షరాలు ఉండాలా అన్న పేచీ. నాకు రాని భాష నా మెడలో ఎందుకు, సంస్కృతం ఉండగా అని ఈవిడ. పద్దెనిమిది వేల భాగవత శ్లోకాలు కంఠస్థం చేసిన మనిషి మరి! నువ్వు నీ అధ్యాయంలో ‘రమాబాయి క్రైస్తవాన్ని స్వీకరించి సంప్రదాయంతో తెగతెంపులు చేసుకున్నారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ వాక్యాన్ని పుడ్డింగు ఉత్తరం పక్కన పెట్టి చూడు, నిలబడుతుందేమో. నిలబడదు. కొట్టెయ్.

చెల్టెన్‌హామ్ సంగతి మాత్రం ఇంకా విస్తరించి రాయాల్సింది. అక్కడి లేడీస్ కాలేజీలో ఆవిడ సంస్కృతం చెబుతోంది. మగ విద్యార్థులకు కూడా పాఠం చెప్పే మాట వచ్చేసరికి బొంబాయి, లాహోరు బిషప్పులు అడ్డుపడ్డారు. ఇండియాకు తిరిగివెళ్లాక ఆవిడ మాటకు విలువ ఉండదని వాళ్ల వాదన. ఇండియాలో నేను మగవాళ్ల సభల్లోనే కదా ఉపన్యాసాలు ఇచ్చాను, అక్కడ లేని అభ్యంతరం ఇక్కడేమిటి అని ఈవిడ ఆశ్చర్యం. ప్రిన్సిపాల్ డొరొతియా బీల్ ఈవిడ వైపు నిలబడింది. ఆ వ్యవహారంలో బిషప్పుల ఉత్తరాలూ ఉన్నాయి, బీల్ ఉత్తరాలూ ఉన్నాయి. నలుగురు నాలుగు వైపుల నుంచి ఒకే సంగతి మీద రాసిన కాగితాలు దొరకడం మా రోజుల్లో అయితే పండగ. నువ్వు దాన్ని మూడు లైన్లలో దాటేసి అమెరికా ఓడ ఎక్కించావు.

అమెరికా భాగం సరే. 1886 మార్చి 11న ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా పుచ్చుకుంటుంటే చూడ్డానికి వెళ్లడం, మరుసటేడు ఇంగ్లీషులో ‘ది హై కాస్ట్ హిందూ వుమన్’, ఆ కాలేజీ డీన్ రేచెల్ బాడ్లీ దానికి ముందుమాట, బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్, సరిగ్గా మూడేళ్లకు మళ్లీ మార్చి 11నే బొంబాయిలో వితంతువులకు శారదా సదన్ అనే బడి. ఇదంతా బాగా అల్లావు. ఒక్క సలహా. అసోసియేషన్ వాళ్ల వార్షిక నివేదికల్ని భక్తిగా చదవకు, చందా పుస్తకం చదివినట్టు చదువు. డబ్బు ఇచ్చేవాళ్లకు చెప్పే మాట వేరు, పుణెలో పెద్దమనుషులకు చెప్పే మాట వేరు. సదన్‌లో మతం జోలికి పోము అన్న షరతు, పిల్లలు రమాబాయి ప్రార్థన చేసుకునే గదిలోకి వస్తే తలుపు వేయను అన్న ఆవిడ పట్టు, ఈ రెంటి మధ్యే 1893లో నిప్పు రాజుకుంది. కేసరి పత్రిక విరుచుకుపడింది, రానడే, భండార్కర్ లాంటి సంస్కర్తలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు, చాలామంది పిల్లల్ని ఇళ్లకు తీసుకుపోయారు. నువ్వు ఇక్కడ ‘ఛాందసుల కుట్ర’ అని రాశావు. రానడే ఛాందసుడా? ఆ ఏడు ఎవరు ఏం మాటిచ్చారో, ఎవరు ఏం అర్థం చేసుకున్నారో కాగితాలు చూసి చెప్పు. ఆవిడ కొంత తప్పు చేసిందని తేలితే అదీ రాయి. నేనైతే ఆవిడ మాట పూర్తిగా నిలబెట్టుకోలేదనే అనుకుంటాను. అయినా నాకు ఆవిడంటే గౌరవం పిసరంత తగ్గలేదు.

ఇక మన వైపు జరిగిన సంగతి. ఇది చదివి నా గుండె పట్టేసింది, నువ్వేమో ఎక్కడా ఎత్తనే లేదు. 1874. రమాబాయికి పదహారేళ్లు. పురాణం చెప్పుకుంటూ తీర్థాలు తిరిగే కుటుంబం, కరువులో దక్షిణాదిన చిక్కుకుపోయింది. నగలు, మంచి బట్టలు, చివరికి ఇత్తడి గిన్నెలు కూడా అమ్ముకున్నారు. కూలి చేయడం తెలియదు, చెయ్యి చాచడానికి మనసు రాదు. తిరుపతి అడవిలోకి వెళ్లారు, చచ్చిపోదామనే. నీళ్లు, ఆకులు, పిడికెడు ఈతపళ్లతో పదకొండు రోజులు. తండ్రి కోనేట్లో దూకుతానంటే కొడుకు నేను కూలికి పోతానని ఆపాడు. కొన్నాళ్లకే తండ్రి పోయాడు, ఆ వెనకే తల్లి, తర్వాత అక్క. మనం సెలవులకు గోవిందా అనుకుంటూ ఎక్కే కొండే అది.

ఈ సంగతి ఆవిడ రాసుకుంది 1907లో. అంటే 33 ఏళ్ల తర్వాత, క్రైస్తవురాలిగా, తన విశ్వాసం గురించి సాక్ష్యం చెబుతూ. కాబట్టి అందులో ఆకలి ఎంత నిజమో, దేవుళ్ల మీద చిరాకు ఏ వయసులో పుట్టిందో విడదీసి చూసుకోవాలి. ఇంకోటి. మద్రాసు రాజధానిలో మహా కరువు అంటే ప్రభుత్వ రికార్డులు 1876 నుంచి 78 దాకా అంటాయి. మన తాతలూ ధాత కరువు అనేవాళ్లు, ధాత అంటే 1876-77. ఈవిడ తల్లిదండ్రులు పోయింది అంతకు రెండేళ్ల ముందే. మొదట్లో నేను ఏదో ఒక తేదీ తప్పనుకున్నాను. ఇప్పుడట్లా అనిపించడం లేదు. దిక్కులేనివాళ్లకు కరువు ముందే వస్తుంది, రికార్డుకు తర్వాత ఎక్కుతుంది. దీని మీద నువ్వొక పేజీ రాయాలి. 1896-97 కరువులో ఆవిడ మధ్య రాష్ట్రాలకు వెళ్లి వందలమంది ఆడపిల్లల్ని కేడ్గావ్‌లోని తన ముక్తి సదన్‌కు ఎందుకు తెచ్చిందో ఆ పేజీ తర్వాత వేరే చెప్పనక్కర్లేదు.

కేడ్గావ్ వెళ్లావా? వెళ్లాననే రాశావు గానీ ఆఫీసు గది దాటినట్టు లేదు. ఆ పిల్లలు అక్కడి ప్రెస్సులో అక్షరాలు పేర్చారు. హీబ్రూ, గ్రీకు మూలాల నుంచి ఆవిడ మరాఠీలోకి తెచ్చిన బైబిల్‌ను వాళ్ల చేతులే కంపోజ్ చేశాయి. అక్కడున్నవాళ్లను మర్యాదగా అడుగు. ముందు టీ తాగు, తర్వాత కాగితాల బీరువా గురించి మాట్లాడు. మొదటిరోజే ఫోన్ తీసి ఫొటోలు కొట్టకు. మీరా కోశాంబి మరాఠీ రచనల్ని ఇంగ్లీషు చేసి ఎంతో పని తేలిక చేసింది, ఉమా చక్రవర్తి ఆ కాలపు కుల వ్యవహారాన్ని విప్పి చెప్పింది. వాళ్లను చదువు, కానీ వాళ్ల వేళ్ల సందుల్లోంచి రమాబాయిని చూడకు. మరాఠీ ఎంతవరకు వచ్చింది? మోడీ లిపి? ఆ రోజుల్లో చేతిరాతలు చాలావరకు అందులోనే ఉంటాయి. నేర్చుకోక తప్పదు.

నీకింత గట్టిగా చెప్పే అర్హత నాకుందా అంటే, లేదు. ఈ మాట నీకు ఇంతవరకు చెప్పలేదు. మా మేనత్త, మీ నాన్నకూ మేనత్తే, పన్నెండేళ్లకు భర్త పోయి, పుట్టింట్లో చదువుకుని, ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మగా రిటైరైంది. ఆవిడ గదిలో కిటికీ కమ్మీకి ఉత్తరాల తీగలు మూడు వేలాడేవి. వచ్చిన ప్రతి కార్డూ చదివి, వెనక తారీఖు వేసి, తీగకు గుచ్చేది. నలభై ఏళ్ల కార్డులు. ఆవిడ పోయిన ఏడాది ఇంటికి సున్నం వేయించాం. అప్పటికి నేను ఎం.ఏ. హిస్టరీ పాసై మూడేళ్లు. ఆ తీగలు మూడూ విప్పి పాత పేపర్లవాడి తక్కెడలో వేసింది నేనే. ఆరు కిలోలు తూగాయి. వాడు తీగలు తిరిగి ఇచ్చేశాడు, ఇనుము వేరే రేటు అని.

నాలుగేళ్ల కిందట అటక మీద ట్రంకుపెట్టె దింపితే అడుగున పరిచిన కార్డులు పదిహేడు దొరికాయి. చెమ్మ పట్టి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. పైదాని మీద మా నాన్న చేతిరాత, అక్కగారి మీద కోపంగా రాసింది. ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజుల్లోది. మిగతావి విడదీయడానికి నాకు చేతులు రావడం లేదు, చిరుగుతాయని భయం. నీకు ఆ పని నేర్పి ఉంటారు కదా.

సంక్రాంతికి రా. మద్రాసు వైపు వచ్చే ఏ రైలైనా ఎక్కి రేణిగుంటలో దిగు, మీ మామయ్యను స్టేషన్‌కు పంపుతాను. పుణెలో బయల్దేరిన గంటన్నరలోపే కేడ్గావ్ దాటుతుంది. రేణిగుంటకు వచ్చేసరికి కొండ కనపడుతుంది. నీ అధ్యాయం వెనక్కి పంపుతున్నాను, పెన్సిల్‌తో కొట్టేసినవి ఇరవై రెండు చోట్ల ఉన్నాయి. ట్రంకుపెట్టె తాళం చెవి నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ అత్త