లావోస్ మగ్గం దగ్గర కూర్చోవాలనుకుంటే

చేనేత బట్టల షాపు నడిపేవాళ్లకు, డిజైన్ చదివి కంపెనీల్లో పనిచేసేవాళ్లకు, మహిళా సంఘాల సరుకుకు మార్కెట్ వెతికేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒక కోరిక పుడుతుంది. పరాయి దేశంలో మగ్గం నేసే ఆడవాళ్ల పక్కన నాలుగు రోజులు కూర్చుని, వాళ్ల పని స్వయంగా చేసి నేర్చుకుని రావాలని. ఎక్కడికి వెళ్లమంటారని అడిగితే నేను లావోస్ పేరు చెబుతాను, అందులోనూ ఉత్తరాన మెకాంగ్ ఒడ్డున ఉన్న లువాంగ్ ప్రబాంగ్ పట్నం.

దగ్గరి దేశం కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. మన నేత ఇళ్లలో చాలాచోట్ల మగ్గం గుంటలో మగవాళ్లు కూర్చుంటారు. ఆసు పోయడం, కండెలు చుట్టడం వంటివి ఆడవాళ్ల వంతు. లావో పల్లెల్లో నేత ఆడవాళ్లదే. పట్టుపురుగుల పెంపకం, దారం తీయడం, అద్దకం, నేత చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. స్తంభాల మీద కట్టిన ఇంటి కింద, నీడపట్టున మగ్గం ఉంటుంది. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. అక్కడి నాగు నమూనాల నేతను 2023లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మీకు పని నేర్పే ఆవిడ తరచూ ఆ బట్టకు డిజైనర్ కూడా. ఆవిడను అలా చూసి వెళ్తేనే ఈ ప్రయాణం మీ వృత్తికి పనికొస్తుంది. అందుకే బడ్జెట్ కూడా ఆవిడకు ఇచ్చే డబ్బు నుంచే మొదలుపెట్టమంటాను.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన నరసాపురం లేసు పని మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంట్లో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లను పనివాళ్లుగా కాక, తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్లకు కూలి అంత తక్కువ ముడుతోందని, వాళ్లు అల్లిన సరుకు మాత్రం విదేశీ మార్కెట్లకు వెళ్తోందని ఆమె చూపించారు. నలభై ఏళ్లు దాటినా ఆ చూపు పోలేదు. "ఆవిడ ఎలాగూ నేస్తూనే ఉంటుంది, పక్కన కూర్చుని చూస్తే పోయేదేముంది" అనుకునే యాత్రికులు ఇప్పటికీ ఉన్నారు. పోయేది చాలా ఉంది. కొత్త మనిషి మగ్గం ఎక్కితే పేక వదులవుతుంది, అంచు వంకర పోతుంది, పడుగు తెగుతుంది. పూటంతా కష్టపడి మీరు నేసిన రెండు అంగుళాలూ విప్పి సరిచేసేది ఆవిడే. ఆ పూట ఆవిడ నేయాల్సిన బట్ట ఆగిపోతుంది కూడా.

అందుకని విమానం టికెట్ కన్నా ముందు నేర్పే మనిషికి ఇచ్చే డబ్బు లెక్క రాసుకోండి. ఏదైనా సంస్థ ద్వారా వెళ్తే, మీరు కట్టే ఫీజులో నేర్పే ఆవిడకు ఎంత వెళ్తుందో సూటిగా అడగండి. నిజాయితీగా నడిచే సంస్థ ఈ ప్రశ్నకు నొచ్చుకోదు. నేరుగా ఊళ్లోకి వెళ్తే, రోజంతా నేస్తే ఆవిడకు ఎంత వస్తుందో కనుక్కుని అంతకు తగ్గకుండా, వీలైతే మించి ఇవ్వండి. బిస్కట్ ప్యాకెట్లు, పెన్నులు, పాత బట్టలు ఫీజుకు బదులు కావు.

రెండో నిర్ణయం, ఏం నేర్చుకోవాలన్నది. ఒక్కటే ఎంచుకోండి. వారంలో అద్దకం, ఇకత్, జరీ లాంటి పేక పని, కుట్టు అన్నీ చూసి వచ్చేవాళ్లకు ఫోన్ నిండా ఫొటోలు మిగులుతాయి, చేతికి మాత్రం ఏదీ అబ్బదు. మీకు పోచంపల్లి, పుట్టపాకలతో పరిచయం ఉంటే అక్కడి ఇకత్, అంటే మత్మీ, తేలిగ్గా అందుతుంది. పేక దారాన్ని చిటికి కట్టి రంగులో ముంచే పద్ధతి మనకు తెలిసిందే. తేడా ఎక్కడుందో పట్టుకోవడమే అక్కడ పాఠం. వెంకటగిరి జాల నేత చూసినవాళ్లకైతే లావో మగ్గం మీద నిలువుగా వేలాడే దారాల వరస చూడగానే కాళ్లు అక్కడే ఆగిపోతాయి. నమూనా మొత్తం ఆ దారాల్లోనే దాచి ఉంటుంది. ఒక్కొక్క అడ్డదారమో వెదురుపుల్లో ఒక్కో వరసను గుర్తుపెట్టుకుంటుంది. పై నుంచి కిందికి దించుకుంటూ నేస్తే నమూనా ఒకవైపు వస్తుంది, తిరిగి పైకి ఎక్కిస్తే దాని ప్రతిబింబం వస్తుంది. కాగితం మీద గీత లేకుండా అంత సంక్లిష్టమైన లెక్కను ఒక మగ్గంలో భద్రపరిచిన తెలివి అది. డిజైన్ ఉద్యోగంలో ఉన్నవాళ్లు కంప్యూటర్ ముందు గడిపే నెలల్లో దొరకని అవగాహన ఆ మగ్గం పక్కన రెండు రోజుల్లో దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

రంగుల మీద ఆసక్తి ఉంటే నేత జోలికి పోకుండా అద్దకానికే రోజులన్నీ ఇవ్వండి. లక్కతో ఎరుపు, పనస చెక్కతో పసుపు, నీలి ఆకు పులియబెట్టిన కుండలోంచి నీలం. మూడూ మన నేలకూ తెలిసినవే, కాబట్టి తిరిగొచ్చాక ఇక్కడి సరుకుతోనే ప్రయత్నం కొనసాగించవచ్చు.

వెళ్లిన మొదటి రోజు పల్లెలకు పరుగెత్తకండి. లువాంగ్ ప్రబాంగ్‌లో 2006లో మొదలైన సంప్రదాయ కళల మ్యూజియం ఒకటుంది, టీఏఈసీ అంటారు. మోంగ్, ఖ్ము, తై లూ, ఇంకా ఇతర జాతుల బట్టలు, వాటిని తయారుచేసే పద్ధతులు అక్కడ విడివిడిగా కనిపిస్తాయి. అది చూశాక మోంగ్ వాళ్ల మైనం అద్దకాన్నీ తై వాళ్ల పట్టు నేతనూ కలిపేసి మాట్లాడరు. శిక్షణకైతే ఆక్ పాప్ తాక్ అనే సంస్థ ఉంది. వియోమనీ దువాంగ్‌దాలా అనే లావో నేతకారిణి, జోవానా స్మిత్ అనే ఇంగ్లండ్ ఫొటోగ్రాఫర్ కలిసి 2000లో ప్రారంభించారు. మెకాంగ్ ఒడ్డున ఉన్న వాళ్ల కేంద్రంలో అద్దకం, నేత తరగతులు జరుగుతాయి. ముందుగా రాసి తేదీలు ఖాయం చేసుకోండి. రాత్రి బజారులో కొనడం మాత్రం చివరి రోజుకు వాయిదా వేయండి. అక్కడ చేతి నేత పక్కనే యంత్రం మీద అచ్చయిన బట్ట కూడా ఉంటుంది, మగ్గం దగ్గర కూర్చుని వచ్చిన కన్నుకే ఆ తేడా తెలుస్తుంది.

నెల ఎంపిక మీ సెలవుల్ని బట్టి కాదు, వాళ్ల వరి పంటను బట్టి జరగాలి. వానాకాలంలో ఆడవాళ్లు నాట్లలో, పొలం పనుల్లో ఉంటారు. మగ్గం పని ముఖ్యంగా కోతల తర్వాత సాగుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లగా, హాయిగా ఉంటుంది. మార్చిలో పోడు మంటల పొగ కమ్ముతుంది. ఏప్రిల్ నడిమధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, ఎవరూ పనిలో ఉండరు.

ప్రభుత్వ ఉద్యోగులైతే విదేశ ప్రయాణానికి శాఖ అనుమతి, నిరభ్యంతర పత్రం ముందే పెట్టుకోవాలి. ప్రైవేటు సంస్థల వాళ్లు దీన్ని శిక్షణగా పరిగణించమని మేనేజరును అడగవచ్చు. ఏం నేర్చుకుంటారో, తిరిగొచ్చాక బృందానికి ఏం చూపిస్తారో ఒక పేజీలో రాసి ఇస్తే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. వీసా నిబంధనలు లావో ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. పర్యాటక వీసా మీద నేర్చుకోవడం వేరు, డబ్బు తీసుకుని పని చేయడం వేరు. రెండోది తలపెడితే రాయబార కార్యాలయాన్ని అడిగి తీరాలి. బ్యాంకాక్ మీదుగా వెళ్లడం మామూలు దారి. రాజధాని వియంటియాన్‌లో దిగితే 2021 డిసెంబరులో ప్రారంభమైన రైలు మిమ్మల్ని రెండు గంటల్లో లువాంగ్ ప్రబాంగ్ చేరుస్తుంది. శాకాహారులు ముందే చెప్పాలి, పులియబెట్టిన చేపల ద్రవం చాలా వంటల్లో పడుతుంది.

సూట్‌కేసులో మీ పని కూడా ఉండాలి. చిన్న ముక్కలు చాలు. నూనె వాసన ఇంకా వదలని తేలియా రుమాలు, మంగళగిరి అంచు, కలంకారీ ముక్క, నరసాపురం లేసు. భాష రానిచోట ఇవే మాట్లాడతాయి. ఆవిడ మీ బట్టను తిరగేసి వెనకవైపు చూస్తుంది, దారాన్ని గోటితో నొక్కుతుంది. మీరు ఏమిటో ఆ క్షణంలో ఆవిడకు తెలిసిపోతుంది. చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక తయారుచేసిన ఆసు యంత్రం వీడియో ఫోన్‌లో పెట్టుకెళ్లండి. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిందన్న సంగతి కన్నా, నేత ఇంటి ఆడవాళ్ల శ్రమ గురించి పట్టించుకున్న మనిషి ఒకరున్నారన్న సంగతి అక్కడివాళ్లకు దగ్గరగా తోస్తుంది. రాక సందర్భంగా బాసీ అనే దీవెన వేడుక చేసి మీ మణికట్టుకు తెల్ల నూలు కడితే, కనీసం మూడు రోజులు ఉంచుకోండి.

ఇక ఫొటోలు, నమూనాలు. ఇక్కడ మెత్తదనం పనికిరాదు. 2019లో ఇటలీ కంపెనీ మాక్స్ మారా దుస్తుల మీద ఓమా స్త్రీల నమూనాలు ముద్రించి కనిపించాయని టీఏఈసీ బహిరంగంగా నిలదీసింది. ఓమా వాళ్లు లావోస్‌లోని ఫాంగ్సాలీ కొండల్లో ఉండే చిన్న జాతి. బట్ట మీద బట్ట అతికి వాళ్లు కుట్టే పని యంత్రం మీద అచ్చు డిజైనుగా మారింది, వాళ్ల పేరు ఎక్కడా లేదు. మన చేనేత నమూనాలకు సూరత్ మిల్లుల ప్రింట్లు చేసిన నష్టం తెలిసిన మనం అదే పని ఇంకొకరికి చేయకూడదు. ఫొటో తీసే ముందు అడగండి, దేనికి వాడతారో చెప్పండి. ఆ నమూనాను మీ సేకరణలో వాడాలనిపిస్తే ఆవిడ చేతే నేయించండి. ఆవిడ వద్దంటే మానుకోండి.

నేయించే ఆర్డరు ఇస్తే సగం డబ్బు ముందే ఇచ్చి, పట్టు, రంగుల ఖర్చు ఆవిడ మీద పడకుండా చూడండి. మొదటి ఆర్డరు చిన్నదిగా ఉండాలి, ఐదారు ముక్కలు చాలు. సహజ రంగు ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ కొద్దిగా మారుతుందని మీ కొనుగోలుదారులకు మీరే ముందుగా చెప్పాలి, ఆ పేరుతో ధర తగ్గించకూడదు. అమ్మకానికి తెచ్చే సరుకు మీద కస్టమ్స్ సుంకం ఉంటుంది, కాబట్టి వ్యక్తిగత సామానులో దాచకుండా బిల్లుతో తెచ్చుకోండి. బట్టకు కట్టే చీటీ మీద ఊరి పేరు, ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పేరు రాయండి. గడువు మాత్రం నాట్ల నెలల్లో పెట్టకండి.