కారు చిన్నదా, పెద్దదా? తేల్చుకోవడం ఎలా?

కాంపాక్ట్, సబ్-ఫోర్ మీటర్, మిడ్‌సైజ్, ప్రీమియం హ్యాచ్‌బ్యాక్, కాంపాక్ట్ ఎస్‌యూవీ... మొదటిసారి కారు కొనడానికి షోరూముకు వెళ్తే ఐదు నిమిషాల్లో ఈ మాటలన్నీ చెవిన పడతాయి. వీటిలో కొన్ని ప్రభుత్వం పన్ను కోసం గీసిన గీతలు, కొన్ని పరిశ్రమ తన లెక్కల కోసం పెట్టుకున్నవి, మిగతావి అమ్మకం కోసం పుట్టిన పేర్లు. ఒకే బండి జీఎస్టీ లెక్కలో పెద్దదై, కొలత టేపుకి చిన్నదిగా తేలవచ్చు. అందుకే ముందు ఎవరి లెక్క ప్రకారం అని అడగాలి. ఆ తర్వాత పని సులువే.

మొదట అంకెలు రాసుకోండి

కంపెనీ వెబ్‌సైట్లో గానీ బ్రోచర్ చివరి పేజీలో గానీ ‘డైమెన్షన్స్’ అని ఒక పట్టిక ఉంటుంది. అందులోంచి పొడవు, వెడల్పు, వీల్‌బేస్ తీసి రాసుకోండి. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరమే వీల్‌బేస్. ఇవన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. పక్కనే ఇంజిన్ సీసీ, ఏ ఇంధనం అన్నదీ రాయండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే సీసీ ఆర్‌సీలోనే ఉంటుంది, పొడవు కోసం ఆ ఏడాది మోడల్ బ్రోచర్ వెతకాలి. అదే పేరుతో వచ్చిన పాత మోడల్, కొత్త మోడల్ కొలతలు ఒకటి కావు. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మి.మీ., 2012లో వచ్చినది 3995 మి.మీ. పేరు అదే అయినా తరగతి మారిపోయింది. ఎందుకు మారిందో కాసేపట్లో చూద్దాం.

పరిశ్రమ లెక్కలో పెట్టి చూడండి

వాహన తయారీదారుల సంఘం సియామ్ నెలనెలా అమ్మకాల అంకెలు ఇవ్వడానికి కార్లను ప్రధానంగా పొడవును బట్టి విడదీస్తుంది. 3600 మి.మీ. లోపు మినీ, అక్కడి నుంచి 4000 దాకా కాంపాక్ట్. 4250 దాకా సూపర్ కాంపాక్ట్, 4500 దాకా మిడ్‌సైజ్, 4700 దాకా ఎగ్జిక్యూటివ్, 5000 దాకా ప్రీమియం, అది దాటితే లగ్జరీ. మీరు రాసుకున్న పొడవును ఈ వరుసలో ఎక్కడ పడుతుందో చూడండి. ఆల్టో కె10 పొడవు 3530, కాబట్టి మినీ. స్విఫ్ట్ 3860, కాంపాక్ట్. సియాజ్ 4490తో మిడ్‌సైజ్‌లో చివరి అంచున నిలిచింది.

అయితే ఎస్‌యూవీలు, ఎంపీవీలు ఈ వరుసలోకి రావు. వాటికి యుటిలిటీ వాహనాలని వేరే పద్దు ఉంది. బ్రెజాకూ స్విఫ్ట్‌కూ పొడవులో జానెడు కూడా తేడా ఉండదు, అయినా పత్రికల్లో వచ్చే అమ్మకాల పట్టికలో రెండూ వేర్వేరు చోట్ల కనిపిస్తాయి.

పన్ను లెక్క జాగ్రత్తగా చూడండి

మన దేశంలో కార్ల ఆకారాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మలిచింది ఇదే అని నా నమ్మకం. 2006 బడ్జెట్‌లో కేంద్రం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. చిన్న కారంటే ఏమిటో కూడా అప్పుడే చెప్పింది. పొడవు 4000 మి.మీ. మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. ఆ గీత గీసిన దగ్గర నుంచి కంపెనీలు బండిని గీతకు లోపల ఇమడ్చడానికి డిక్కీలు కత్తిరించడం మొదలుపెట్టాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ 3988 మి.మీ.తో వచ్చింది. తర్వాత డిజైర్ తోక తెగింది. 2012లో మహీంద్రా తన జైలోను కుదించి క్వాంటో అని తెచ్చింది. ఈ రోజు రోడ్డు మీద 3990, 3995 మి.మీ. పొడవున్న బండ్లు ఇన్ని ఉండటం కాకతాళీయం కాదు.

జీఎస్టీ వచ్చినా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి లెక్క రెండు మెట్లకు కుదిరింది. పై కొలతలకు లోబడిన పెట్రోల్, సీఎన్‌జీ, ఎల్‌పీజీ, డీజిల్ కార్లకు 18 శాతం, వాటిని దాటిన వాటికి 40 శాతం. ఎలక్ట్రిక్ కారుకు ఇంజిన్ లేదు కాబట్టి ఈ కొలతలతో సంబంధం లేకుండా 5 శాతమే. ఇంతకుముందు పెద్ద ఎస్‌యూవీల మీద ఎక్కువ సెస్సు వేయడానికి నేల నుంచి 170 మి.మీ. ఎత్తు అనే షరతు కూడా చూసేవారు. ఇప్పుడు సెస్సు పోయింది కనుక కొనేవారికి ఆ గొడవ లేదు.

ఇక్కడ కొత్తవారు తడబడేది ఒక్కచోటే. పొడవు, సీసీ రెండూ గీత లోపల ఉండాలి, ఒకటి ఉంటే చాలదు. నాలుగు బండ్లు చేతిలోకి తీసుకుని చూడండి.

బాలెనో: 3990 మి.మీ., 1197 సీసీ పెట్రోల్. రెండూ లోపలే, 18 శాతం.

బ్రెజా: 3995 మి.మీ., కానీ పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ. పొడవు పాసైంది, ఇంజిన్ తప్పింది. 40 శాతం.

బొలెరో: ఏడుగురు ఎక్కే బండి, చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. పొడవు 3995, డీజిల్ ఇంజిన్ 1493 సీసీ. ప్రభుత్వ లెక్కలో ఇది చిన్న కారే.

మూడు తలుపుల థార్ ఇంకా బాగా నేర్పుతుంది. పొడవు ఏ వేరియంట్‌కైనా 3985. ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే వెళ్లే 1497 సీసీ డీజిల్ తీసుకుంటే చిన్న కారు పన్ను, 2184 సీసీ డీజిల్ తీసుకుంటే పెద్ద కారు పన్ను. కాబట్టి మోడల్ పేరు దగ్గర ఆగిపోకుండా వేరియంట్ వరుసలోకి వెళ్లి చూడటం అలవాటు చేసుకోండి.

బీమా, లైఫ్ ట్యాక్స్, టోల్

థర్డ్ పార్టీ బీమాకు పొడవుతో పని లేదు, సీసీయే కొలమానం. 1000 సీసీ దాకా ఒకటి, 1000 నుంచి 1500 దాకా రెండోది, ఆపైన మూడోది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 2,094, 3,416, 7,897 రూపాయలు. ఫ్రాంక్స్‌లో 998 సీసీ టర్బో ఇంజిన్ ఖరీదైనది, అయినా మొదటి మెట్టులో పడుతుంది. మామూలు 1197 సీసీ ఫ్రాంక్స్ రెండో మెట్టుకు వెళ్తుంది. ఎలక్ట్రిక్ కార్లకు సీసీ బదులు కిలోవాట్లు చూస్తారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రిజిస్ట్రేషన్ వేళ కట్టే లైఫ్ ట్యాక్స్ బండి ధర శ్లాబును బట్టి పెరుగుతుంది. జాతీయ రహదారి టోల్ గేటు దగ్గర మాత్రం ఆల్టో అయినా ఫార్చూనర్ అయినా కారు కారే, రుసుము ఒకటే.

విదేశాల పేర్లను ఇక్కడికి తేకండి

అమెరికాలో ఉన్న పిల్లలు ‘మిడ్‌సైజ్ కారు తీసుకున్నాం’ అంటే మన మిడ్‌సైజ్ అనుకోకూడదు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ సెడాన్లను పొడవుతో కొలవదు, లోపల మనుషులకూ సామానుకూ ఉన్న జాగాను ఘనపుటడుగుల్లో కలిపి లెక్కిస్తుంది. 85 నుంచి 100 లోపు సబ్‌కాంపాక్ట్, 110 లోపు కాంపాక్ట్, 120 లోపు మిడ్‌సైజ్, ఆపైన లార్జ్. కుటుంబానికి పనికొచ్చే కొలత నిజానికి ఇదే, మన దగ్గర ఎవరూ దీన్ని అంత స్పష్టంగా ఇవ్వకపోవడం లోటు. జపాన్‌లో కేయి కార్లకు 3.4 మీటర్ల పొడవుతో పాటు 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ అని హద్దులున్నాయి. అక్కడి ఇరుకు వీధులకు వెడల్పు గీత కూడా గీశారు.

ఇక మీ ఇంటి కొలత

పన్ను తేలాక మీ గేటు వెడల్పు, పార్కింగ్ చోటు పొడవు వెడల్పులు టేపుతో కొలవండి. అపార్ట్‌మెంట్ అయితే స్తంభం నుంచి స్తంభానికి కొలవాలి. బ్రోచర్లో ఇచ్చే వెడల్పులో సాధారణంగా పక్క అద్దాలు కలవవు. నెక్సాన్ వెడల్పు 1804 మి.మీ., వేగన్ ఆర్ 1620. పన్ను లెక్కలో ఇద్దరూ చిన్నవారే అయినా సందులో ఎదురు బండి వచ్చినప్పుడు ఆ జానెడు తేడా తెలుస్తుంది. తలుపు తెరిచి పెద్దవాళ్లు దిగడానికి పక్కన కనీసం రెండడుగులు మిగలాలి.

సందు మలుపు కోసం ‘టర్నింగ్ రేడియస్’ అన్న వరుస చూడండి. స్విఫ్ట్‌కు 4.8 మీటర్లు. అంకె పెరిగేకొద్దీ మలుపులో వెనక్కీ ముందుకీ ఆడించాల్సి వస్తుంది.

లోపలి జాగాకు వీల్‌బేస్ మంచి ఆధారం. ఐ20, డిజైర్ రెండింటి పొడవూ 3995. కానీ ఐ20 వీల్‌బేస్ 2580, డిజైర్‌ది 2450. డిజైర్ ఆ తేడాను వెనక డిక్కీకి ఇచ్చింది. కాళ్లు చాపుకోవడం ముఖ్యమా, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సామాను పట్టడం ముఖ్యమా అన్నది మీ ఇల్లే తేల్చాలి. సీఎన్‌జీ వేరియంట్ అనుకుంటే బ్రోచర్లోని డిక్కీ లీటర్లను నమ్మకండి, ఆ అంకె తరచు పెట్రోల్ బండిది. సిలిండర్ ఉన్న బండినే తెరిచి చూపించమనండి. మీ ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి, డ్రైవర్ సీటు మీకు సరిపడా వెనక్కి జరిపాకే టెస్ట్ డ్రైవ్‌కు బయల్దేరండి.