ఎదుటివాని బుద్ధిని కొలుచుట

ఎదుటివాని తెలివి యెంతటిదో నిర్ణయింపక మనకు దినము గడవదు. అంగడివాడు లెక్క చెప్పుటలో తడబడినచో మందుడనుకొందుము. బస్సులో ప్రక్కన కూర్చున్నవాడు ఇంగ్లీషున నాలుగు మాటలాడినచో మేధావి యనుకొందుము. తిరుమలలో వరుసయందు నిలుచున్న పల్లెటూరి వృద్ధురాలు కంపార్టుమెంటు సంఖ్య చదువలేక పదిమందిని అడిగినచో నవ్వుకొందుము. ఇంటిలో బాలుడు ఎక్కము మరచినచో ‘మొద్దు’ అని పేరు పెట్టుదుము. ఈ తీర్పులకు పట్టు కాలము రెండు నిమిషములు. వాని ఫలమో, జీవితాంతము నిలుచును. మొద్దని పిలువబడిన బాలుడు కొంతకాలమునకు తాను మొద్దునేయని నమ్మి పలకను మూలబెట్టును. ఇక అవమానింపబడినవాడు భగవద్భక్తుడైనచో అది భాగవతాపచారము. తనకు జరిగిన యపచారమునైనను భగవానుడు సహించునుగాని, భక్తునకు జరిగినదానిని సహింపడని మన యాచార్యులు హెచ్చరించిరి. కావున ఇది చిన్న విషయము కాదు.

శ్రీమద్భాగవత పంచమస్కంధమున జడభరతోపాఖ్యానము కలదు. ఆ స్కంధమును తెనిగించినవాడు పోతనగాక గంగన యను కవి. సింధు సౌవీర దేశాధిపతియగు రహూగణుడు కపిలమహర్షి వలన తత్త్వోపదేశము పొందగోరి పల్లకిలో బయలుదేరెను. ఇక్షుమతీ నదీతీరమున పల్లకి మోయుటకు మరియొక మనిషి కావలసివచ్చెను. దృఢకాయుడై కంటబడిన భరతుని బట్టి తెచ్చి దండె క్రింద నిలిపిరి. ఆయన బాణమంత దూరము ముందు చూచుకొనుచు, ఏ ప్రాణియు కాలిక్రింద పడకుండ అడుగులు వేయుచుండెను. తక్కిన బోయల నడకతో ఆయన నడక కలియలేదు. పల్లకి ఎగుడుదిగుడయ్యెను. రాజు మొదట వెటకారమాడెను. పిదప కోపించి దండింతునని బెదరించెను. అంతవరకు మూగవానివలె నున్న భరతుడు నోరు విప్పి తత్త్వము పలుకగనే, రాజు పల్లకి దిగి ఆయన పాదములపై బడెను.

ఇచ్చట గమనింపదగినది యొకటి కలదు. రహూగణుడు తెలివిలేనివాడు కాడు. జ్ఞానమును వెదకుచు పోవుచున్నవాడే. ఆ జ్ఞానమును మోయుచున్న భుజమే తన పల్లకిని మోయుచుండగా దానిని జడమనుకొనెను. తప్పెచ్చట జరిగినది? అతడు ఎరిగినది కుదుపు, అది సత్యమే. కుదుపునకు కారణము తెలివిలేమి యనుకొనుట మాత్రము అసత్యము. పల్లకిలో కూర్చున్నవానికి నేలమీది చీమలు కనబడవు. మన తీర్పులలో పెక్కు ఇట్టివే. తడబాటు కనబడును, దాని కారణము కనబడదు.

‘అట్లయినచో శ్రీరాముడు హనుమంతుని తొలి సమావేశమునందే మహాబుద్ధిశాలియని నిర్ణయింపలేదా?’ యని అడుగవచ్చును. కిష్కింధాకాండమున రాముడు లక్ష్మణునితో, ఇతడు వేదములు నేర్చినవాడు, వ్యాకరణము పలుమారులు విన్నవాడు, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దమైనను రాలేదని ప్రశంసించిన మాట నిజము. కాని రాముడు కొలిచినది దేనిని? వచ్చినవాడు సుగ్రీవుని సచివుడు. దౌత్యమునకు పనిముట్టు వాక్కు. ఆ పనికి ఆ గుణము తగియున్నదని రాముడు పలికెను. అదియును మాట ముగియువరకు విని పలికెను. ఆ రాముడే సంస్కృత వ్యాకరణముతో పనిలేని గుహుని కౌగిలించుకొనెను. శబరి యిచ్చిన యాతిథ్యమును స్వీకరించెను.

సుందరకాండమున ఇంకను సూక్ష్మమైన ఘట్టమున్నది. అశోకవనమున హనుమంతుడు సీతాదేవితో ఏ భాషలో మాటలాడవలెనని ఆలోచించెను. ద్విజునివలె సంస్కృతము పలికినచో తల్లి తన్ను రావణుడనుకొని భయపడునని తలచి, సామాన్య మానవుల మాటనే ఆశ్రయించెను. కిష్కింధలో మన్నన తెచ్చిన వాక్కే లంకలో అనుమానము తెచ్చును! సంస్కారవంతమైన భాష హనుమంతునకును ఉన్నది, రావణునకును ఉన్నది. భాషను బట్టి బుద్ధిని, బుద్ధిని బట్టి మనిషిని నిర్ణయింపబోవువారు ఈ ఘట్టమును మరువరాదు.

తర్కశాస్త్రము ఈ తప్పునకు పేరు కూడ పెట్టినది. పొగ యున్నచోట నిప్పుండును. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు. ఎర్రగా కాలిన యినుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పుతోపాటు తడికట్టె కావలెను. దీనిని ఉపాధి యందురు. అట్లే బుద్ధి యున్నచోటనెల్ల చతురభాషణము ఉండదు. అది పుట్టుటకు చదువు, అలవాటు, నలుగురిలో మెలగిన యనుభవము అను తడికట్టె కావలెను. పొగ రాలేదు గనుక నిప్పు లేదనువాడు ఇనుపగుండును చేతబట్టి చేయి కాల్చుకొనును.

మా రాప్తాడు ప్రాంతముననే దీనికి దృష్టాంతము చూపవచ్చును. ఈ అనంతపురపు మెట్టభూములలో ఏడాదికి సగటున కురియునది ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన. ఆ కొద్దిపాటి వానయు చెప్పిన వేళకు రాదు. ఇచ్చటి రైతు పట్టణమున కార్యాలయమునకు పోయి దరఖాస్తు నింపలేక చేతులు నలుపుకొనును. బల్ల కావలివైపు కూర్చున్నవాడు విసుగుకొనును. ఆ రైతే తొలకరి పడిన పిదప చేనిలో మట్టిని త్రవ్వి, పిడికిట బిగించి, విత్తుటకు పదును చాలునో చాలదో చెప్పును. వేరుశనగ సాళ్ళ నడుమ కందిసాలు వేయును. ఏల? ఊడలు దిగు వేళ వాన మొగము చాటేసినచో వేరుశనగ కాయ పట్టదు. కందివేరు లోతునకు పోవును గనుక వెనుకటి వానకైనను నిలుచును. ఒకటి పోయినను రెండవది ఇంటిని నిలుపునను యోచన యిది. కనబడుదానిని బట్టి కనబడనిదానిని ఊహించుటయే అనుమాన ప్రమాణమైనచో, ఈ రైతు దినదినము చేయుచున్నది అదియే. బల్ల వెనుకనున్నవాడు చీమలను చూడలేదు, అంతే.

దేశాంతరమున జరిగిన యొక పరీక్ష కూడ ఇట్టిదే. 1931, 1932 సంవత్సరములలో లూరియా యను రష్యా మనశ్శాస్త్రజ్ఞుడు ఉజ్బెకిస్తాను పల్లెలలో చదువురాని రైతులను ప్రశ్నించెను. మంచు కురియు దూరోత్తర దేశమున ఎలుగులన్నియు తెల్లనివి. ఫలాని దీవి ఆ దేశమున నున్నది. అచ్చటి ఎలుగులే రంగువి? అని ప్రశ్న. పలువురు, తాము చూడలేదనియు, చూచినవారిని అడుగవలెననియు బదులు చెప్పిరి. కొద్దిపాటి చదువు అబ్బినవారు మాత్రము తెల్లనివని వెంటనే చెప్పగలిగిరి. తొలివారిని తర్కము రానివారనవచ్చునా? నైయాయికుని చెవికి వారి మాట వేరుగా వినబడును. ‘వ్యాప్తి నాకు నిశ్చితము కాలేదు, ప్రత్యక్షము లేదు, ఆప్తవాక్యమున్నచో నమ్ముదును’ అనియే గదా దాని యర్థము! పాఠశాలలో కూర్చున్నవాడు ప్రశ్నలోని మాటనే ప్రమాణముగా గైకొనుట నేర్చును. అది ప్రయోజనకరమైన విద్యయే. కాని అది విద్య, బుద్ధి కాదు.

దేశముల విషయమునను ఇంతే. దత్తమండలములు 1800లో ఇంగ్లీషు కంపెనీ వశమైన పిదప 1807 వరకు వానిని పాలించిన థామస్ మన్రో అనంతపురము ముఖ్యస్థానముగా ఊరూర తిరిగి రైతులతో మాటలాడెను. తిరుమల నైవేద్యమునకు ‘మన్రో గంగాళము’ సమర్పించినవాడని ప్రసిద్ధి పొందినవాడు ఆయనయే. 1813లో పార్లమెంటు కమిటీ యెదుట, వ్యవసాయమునందును, చేతిపనులయందును, ఊరూరి బడులయందును హిందువులు యూరోపువారికి తీసిపోరని ఆయన సాక్ష్యమిచ్చెను. 1817లో భారతదేశ చరిత్ర వ్రాసిన జేమ్సు మిల్లు ఈ దేశమున అడుగుపెట్టలేదు, ఇచ్చటి భాష యొక్కటియు నేర్వలేదు. అయినను మన జనులను అనాగరికులని తీర్పు చెప్పెను. ఒకడు నేలమీద నడచెను. ఒకడు పల్లకి దిగలేదు.

శ్రీరంగమున జరిగిన వృత్తాంతమొకటి చైతన్యచరితామృత మధ్యలీలయందు కలదు. శ్రీకృష్ణచైతన్యులు దక్షిణయాత్ర చేయుచు తిరుమలను సేవించి శ్రీరంగము చేరిరి. అచ్చట ఒక బ్రాహ్మణుడు దినమును గీతను తప్పులతో చదువుచుండగా జనులు నవ్వుచుండిరి. అతడు మాత్రము కన్నీరు కార్చుచు చదువుచుండెను. చైతన్యులు నవ్వలేదు, ఆనందమునకు కారణమేమని అడిగిరి. అర్థము తనకు తెలియదనియు, గురువాజ్ఞచే చదువుచున్నాననియు, చదువునంతసేపును అర్జునుని రథముపై సారథియైన కృష్ణుడు కనబడుచున్నాడనియు అతడు చెప్పెను. గీతాపఠనమునకు అధికారి నీవే యని చైతన్యులు ఆలింగనము చేసికొనిరి. నవ్వినవారికిని, చైతన్యులకును భేదము ఒక్క ప్రశ్న.

అట్లని గృహస్థుడు ఎవరిని గూర్చియు నిర్ణయము చేయకుండుట సాధ్యము కాదు. వైద్యుని ఎన్నుకొనవలెను, బిడ్డను ఎవరియొద్ద చదివింపవలెనో తెలిసికొనవలెను. కావున కొన్ని నియమములు పాటించుట మంచిది.

మొదటిది: పనిని కొలువుడు, మనిషిని కొలువకుడు. ‘ఈ పని ఇతనికి రాదు’ అనుట వేరు. ‘ఇతడు తెలివితక్కువవాడు’ అనుట వేరు.

రెండవది: తక్కువ తీర్పు చెప్పుటకు ముందు కారణము అడుగుడు. ‘ఇట్లేల చేయుచున్నావు నాయనా?’ అను మాటకు ఖర్చు లేదు.

మూడవది: బాలునకు పేరు పెట్టకుడు. 1905లో ఫ్రాన్సుదేశమున బినే యను పండితుడు బుద్ధిపరీక్షను కల్పించినది, సహాయము కావలసిన పిల్లలను గుర్తించుటకు. బుద్ధి యెన్నటికిని పెరుగని కొలత యనువారిని ఆయనయే ఖండించెను. కొలబద్ద చేసినవాడే అట్లన్నప్పుడు మనకు తొందర యేల?

నాల్గవది: కొలువక తప్పనిచో గీత చెప్పిన కొలబద్దతో కొలువుడు. పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు బుద్ధిని మూడు విధములుగా విభజించెను. చేయదగినదియు చేయరానిదియు ఎరిగినది సాత్త్వికబుద్ధి; అధర్మమునే ధర్మమనుకొనునది తామసబుద్ధి. అచ్చట వేగమునకు గాని, వాక్చాతుర్యమునకు గాని మార్కులు లేవు. చతురుడై పరుల పొలము వ్రాయించుకొన్నవాడు ఈ లెక్కలో ఎచ్చట నిలుచునో చదువరులే యోచింపుదురుగాక.

అందరి హృదయములందు నిలిచి జ్ఞానమును, స్మృతిని ఇచ్చువాడు తానేయని భగవానుడు సెలవిచ్చెను. అట్లైనచో ఎదుటివానికి ఆయన ఎంత యిచ్చెనో రెండు నిమిషములలో తేల్చుటకు మనమెవరము? తిరుమల వరుసలో సంఖ్య చదువలేని వృద్ధురాలు మన ప్రక్కన నిలిచినప్పుడు సంఖ్య చదివి చెప్పుదము. ఆమె గోవిందనామము చెప్పునప్పుడు వినుదము. అంతకు మించిన కొలత మనకు వలదు.